పోఖరాలో గోవా లాంటి నైట్‌లైఫ్ ఉంటుందా? లేక్‌సైడ్‌లో నాలుగు రాత్రులు ఎలా గడపాలి?

మీ ప్రశ్న టూకీగా ఇది: నవంబరులో మూడు జంటలు, ఒక అత్తగారు, మొత్తం ఏడుగురు నేపాల్ వెళ్తున్నారు. అందులో నాలుగు రాత్రులు పోఖరాలో. సగం మందికి బార్లు, లైవ్ మ్యూజిక్, కాస్త డాన్సు కావాలి. మిగతా సగానికి పడవ, మసాజ్, నిద్ర కావాలి. "గోవాలాగా ఉంటుందా, లేకపోతే రాత్రి తొమ్మిదికే తలుపులేసుకుని పడుకోవాలా? ఆడవాళ్లు రాత్రిపూట బయట తిరగవచ్చా?" అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. గోవాలా ఉండదు. అలాగని తొమ్మిదికి పడుకోవాల్సిన ఊరూ కాదు. సరస్సు ఒడ్డు బజారైన లేక్‌సైడ్‌లో సందడి సాయంత్రం అయిదింటికి మొదలవుతుంది, ఎనిమిది నుంచి పదిన్నర దాకా మంచి ఊపులో ఉంటుంది, పదకొండు దాటాక చల్లబడుతుంది. ఆ తర్వాత కూడా తలుపులు మూసుకుని నడిచే క్లబ్బులు కొన్ని ఉంటాయి కానీ వాటి కోసం పోఖరా దాకా వెళ్లక్కర్లేదు. ఆడవాళ్లు మెయిన్ రోడ్డు మీద, సరస్సు ఒడ్డు దారిలో రాత్రి పది వరకు నిశ్చింతగా తిరగవచ్చు.

ముక్తినాథ్ యాత్రకు తెలుగు గ్రూపులను తీసుకెళ్లడం నా పని. పోఖరా ఆ దారిలోనే ఉంది కాబట్టి ఏటా అక్కడ గడిపే రాత్రులు బాగానే ఉంటాయి. నా గ్రూపుల్లో విష్ణు సహస్రనామం చదువుకునే పెద్దవాళ్లూ ఉంటారు, వాళ్లను తోడు తీసుకొచ్చిన పేరుతో బీరు తాగడానికి వచ్చే కొడుకులూ అల్లుళ్లూ ఉంటారు. మీ ఏడుగురి లాంటి కలగాపులగం బృందం నాకు కొత్త కాదు.

ఇలాంటి గ్రూపులకు నేను మొదట చెప్పే మాట ఒకటే. పోఖరాలో అన్నిటికంటే ఖరీదైనది తెల్లవారుజాము. మీరు ఇంత దూరం వచ్చేది అన్నపూర్ణ కొండల వరసను చూడటానికి. ఊరు సుమారు 800 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. దానికి ఎదురుగా, కనుచూపు మేరలో, 6,993 మీటర్ల మచ్ఛపుచ్ఛ్రే శిఖరం నిలబడి ఉంటుంది. వెనక అన్నపూర్ణ-1 ఎత్తు 8,091 మీటర్లు. ఇంత తక్కువ దూరంలో ఇంత ఎత్తు తేడా కనిపించే ఊళ్లు ప్రపంచంలో చాలా అరుదు. కానీ పొద్దెక్కిన కొద్దీ కొండల మీదకు మబ్బు చేరుతుంది. నవంబరు లాంటి మంచి నెలలో కూడా మధ్యాహ్నానికి చాలాసార్లు సగం కొండలు కనపడవు. సరస్సు కూడా అంతే. పొద్దున అద్దంలా ఉన్న నీరు మధ్యాహ్నం గాలికి అలలు కడుతుంది. రాత్రి రెండింటికి పడుకుని పదింటికి లేచేవాళ్లు పోఖరాలో ఒక మామూలు బజారును చూసి వెనక్కి వస్తారు. ఆ బజారు ఎక్కడైనా దొరుకుతుంది.

అందుకని నాలుగు రాత్రుల్లో ఒక్కదాన్ని మాత్రమే ఆలస్యపు రాత్రిగా పెట్టుకోండి, దాని తర్వాతి ఉదయాన్ని ఖాళీగా వదిలేయండి. మిగతా మూడు రాత్రులు పదిన్నరకల్లా గదికి చేరేట్టు చూసుకోండి. కుర్రాళ్ల గ్రూపు ఒకటి క్లబ్బులో తెల్లవారగట్ల దాకా ఉండి, అటునుంచి అటే సారంగ్‌కోట్ కొండ మీద సూర్యోదయం చూడటానికి బయల్దేరింది. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. కొండ మీదకు చేరేసరికి వెనక అందరూ గుర్రు కొడుతున్నారు. మచ్ఛపుచ్ఛ్రే బంగారు రంగుకు తిరుగుతుంటే ఫోటో తీసింది ఒక్క డ్రైవరే.

ఆ ఆలస్యపు రాత్రి ఏదని అడిగితే, వీలైతే శుక్రవారం. నేపాల్‌లో వారపు సెలవు శనివారం. మనకు శనివారం రాత్రి ఉండే ఊపు అక్కడ శుక్రవారం రాత్రే ఉంటుంది. స్థానిక కుర్రకారు కూడా బయటికొస్తారు, బ్యాండ్లు మనసుపెట్టి వాయిస్తాయి. మంగళవారమో బుధవారమో అవే బార్లలో సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

ఇప్పుడు హోటల్ సంగతి. మీ బృందంలో గొడవలు రాకుండా ఉండాలంటే ఇదే ముఖ్యం. చాలామంది "లేక్ వ్యూ" అన్న మాట చూసి బుక్ చేస్తారు. అంతకంటే ముందు అది ఏ వీధో చూడాలి. ఫేవా సరస్సు తూర్పు ఒడ్డు పొడవునా ఉన్న బజారునే లేక్‌సైడ్ అంటారు. స్థానికులు బైదాం అని కూడా అంటారు. దాన్ని మనసులో మూడు ముక్కలు చేసుకోండి. మధ్యలో సెంటర్ పాయింట్, హల్లన్ చౌక్ చుట్టుపక్కలంతా బార్లు, లైవ్ బ్యాండ్లు, షాపులు. ఉత్తరం కొసన ఖహరే, ఇంకా పైకి వెళ్తే సేదీ వైపు ప్రశాంతం. అక్కడ చిన్న గెస్ట్‌హౌస్‌లు, యోగా నేర్పేవాళ్లు, నెలల తరబడి ఉండిపోయే విదేశీయులు. దక్షిణం కొసన ఆనకట్ట దగ్గర డ్యామ్‌సైడ్. పాతకాలపు హోటళ్లు, నిశ్శబ్దం, పొద్దున మేడ మీది నుంచి కొండలు బాగా కనిపించే చోటు.

మీకైతే హల్లన్ చౌక్‌కు నడిచి పది నిమిషాల దూరంలో, మెయిన్ రోడ్డు మీద కాకుండా లోపలి వీధిలో ఉన్న హోటల్ తీసుకోమంటాను. సందడి కావాలనుకున్నవాళ్లు నడిచి వెళ్లి నడిచి వస్తారు, అత్తగారికి డ్రమ్ము చప్పుడు వినపడదు. బుక్ చేసేముందు ఫోన్ చేసి "రాత్రి పదింటికి పక్కన మ్యూజిక్ వినపడుతుందా?" అని సూటిగా అడగండి. చిన్న హోటళ్ల వాళ్లు చాలావరకు నిజమే చెప్తారు. అడిగి వెనక వైపు గది తీసుకుంటే ఇంకా మంచిది. పెద్దవాళ్లు ఉంటే లిఫ్టు ఉందో లేదో కనుక్కోండి. లేక్‌సైడ్‌లో నాలుగంతస్తుల మేడలు చాలా ఉన్నాయి, లిఫ్టులు లేనివి కూడా చాలానే ఉన్నాయి.

పడవ. ఫేవాలో తిరిగేవి ఎక్కువగా తెడ్డు వేసే రంగు రంగుల చెక్క పడవలు. డుంగా అంటారు. పెడల్ బోట్లు కూడా ఉంటాయి. మోటారు చప్పుడు చెవిన పడకపోవడమే ఈ సరస్సులో ఉన్న సుఖం. రేవుల దగ్గర రేట్ల బోర్డు ఉంటుంది, కౌంటర్లో టికెట్ తీసుకోవాలి, బేరాలుండవు. గంటకు ఒక రేటు, పడవ నడిపే మనిషితో అయితే ఒకటి, మనమే నడుపుకుంటే ఒకటి. మనిషితోనే వెళ్లండి. చూడటానికి తేలిగ్గా ఉంటుంది కానీ మధ్యాహ్నం గాలి లేచాక అలవాటు లేనివాళ్లకు తెడ్డు లొంగదు. లైఫ్ జాకెట్ వేసుకోండి, ఫోటో కోసం కూడా విప్పకండి. ఫేవా లోతు కొన్నిచోట్ల ఇరవై మీటర్లు దాటుతుంది.

పొద్దున ఏడు, ఏడున్నర మధ్య రేవుకు చేరితే చాలు. సరస్సు మధ్య చిన్న దీవి మీద తాల్ బారాహి అమ్మవారి గుడి ఉంది. అత్తగారిని తీసుకెళ్లండి, రెండంతస్తుల పగోడా ఆకారపు గుడి, మెట్ల బాధ లేదు. శనివారం మాత్రం వద్దు, ఊరంతా అక్కడే ఉంటుంది. గుడి చూసుకుని వెంటనే తిరిగొచ్చేయకుండా పడవను దక్షిణపు ఒడ్డు అడవి వైపు పోనివ్వమనండి. కొండల నీడ నీళ్లలో పడేది అక్కడి నుంచి చూస్తేనే. ఆ అడవి కొండ మీద తెల్లగా కనిపించేది శాంతి స్తూపం. మోకాళ్లు గట్టిగా ఉన్నవాళ్లు పడవ దిగి అడవి దారిలో ముప్పావు గంట, గంట ఎక్కితే చేరుకోవచ్చు. లేనివాళ్లకు వెనక వైపు నుంచి కారు చాలా దూరం పోతుంది, తర్వాత కొన్ని మెట్లు. పైన గట్టిగా మాట్లాడకూడదు, రీల్స్ కోసం డాన్సులు వేయకూడదు. కాపలావాళ్లు నిజంగానే వచ్చి ఆపుతారు.

ఈత గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు దూకుతామంటారు. ఫేవాలో వద్దు. ఊరి మురుగు కొంత అందులోకే వస్తుంది, ఒడ్డు వెంట గుర్రపుడెక్క, కింద నాచు. నీళ్లలో దిగాలన్న ఆశ ఉంటే పోఖరాకు తూర్పున 15 కిలోమీటర్ల దూరంలో బేగ్నాస్ సరస్సు ఉంది. నీరు శుభ్రం, జనం తక్కువ, ఒడ్డున వేయించిన చేపలు. విశ్రాంతి కావాలన్న సగం మందికి ఒక రోజు మొత్తం అక్కడ గడపమని నేను చెప్తాను. పార్టీ బ్యాచ్ కూడా వెళ్తే తప్పేమీ లేదు, పడుకోవడానికి చెట్ల నీడ ఉంది.

పారాగ్లైడింగ్ చేయాలనుకుంటే దాన్ని మొదటి పూర్తి రోజుకే పెట్టుకోండి. సారంగ్‌కోట్ వైపు కొండల మీది నుంచి ఎగిరి సరస్సు ఒడ్డున దిగుతారు, గాల్లో సుమారు ఇరవై నిమిషాల నుంచి అరగంట. గాలి అనుకూలించకపోతే వాయిదా వేస్తారు, అప్పుడు మీకు ఇంకో రెండు ఉదయాలు మిగిలి ఉంటాయి. చివరి రోజుకు పెట్టుకున్నవాళ్లు నిరాశగా బస్సెక్కడం చాలాసార్లు చూశాను. ఇంకో మాట, ముందురోజు రాత్రి తాగి ఎగరకండి. పైకి లేచే వేడిగాలిలో గుండ్రంగా తిరుగుతూ ఎత్తు పెంచుతారు. తాగనివాళ్లకే కడుపులో తిప్పుతుంది, హ్యాంగోవర్‌తో అయితే మీ వెనక కట్టుకున్న పైలట్ పరిస్థితి ఆలోచించండి.

సాయంత్రాల దగ్గరికొద్దాం. నవంబరులో అయిదుంబావుకల్లా సూర్యుడు కొండల వెనక్కి దిగిపోతాడు. నాలుగున్నరకు సరస్సు ఒడ్డు కాలిబాట మీద ఉండండి. వాహనాలు రాని దారి అది. మొక్కజొన్న కంకులు కాల్చేవాళ్లు, గిటారు పట్టుకున్న కుర్రాళ్లు, చల్లటి గాలి. లేక్‌సైడ్‌లో నాకు అన్నిటికంటే నచ్చే గంట అది. మీ ఏడుగురూ కలిసి గడపగలిగేది కూడా ఆ గంటే. ఒడ్డున ఉన్న కాఫీ షాపుల్లో కూర్చుంటే ఎవరూ లేవమనరు. చలి మాత్రం సూర్యుడు దిగగానే మొదలవుతుంది, స్వెట్టర్ చేతిలోనే ఉంచుకోండి.

ఆరున్నర, ఏడింటికి కొన్ని పెద్ద రెస్టారెంట్లలో నేపాలీ జానపద నృత్యాలు ఉంటాయి. భోజనం చేస్తూ చూడటమే. టూరిస్టుల కోసం చేసేవే, అందులో గొప్ప కళను వెతక్కండి. కానీ పెద్దవాళ్లతో కూర్చోవడానికి హాయిగా ఉంటుంది, ఎనిమిదిన్నరకు అయిపోతుంది. అత్తగారిని గదికి చేర్చి మీరు మళ్లీ బయటికి రావచ్చు.

లైవ్ బ్యాండ్లే లేక్‌సైడ్ రాత్రికి అసలు బలం. డీజేల విషయంలో పోఖరా ఏ పెద్ద ఊరికీ సాటి రాదు, హైదరాబాద్ పబ్బులకు అలవాటుపడినవాళ్లకు ఆ క్లబ్బులు చిన్నగా, పాతగా అనిపిస్తాయి. కానీ గిటారు, డ్రమ్స్, గొంతు విషయంలో నేపాలీ కుర్రాళ్లు గట్టివాళ్లు. రాక్ సంగీతం వాళ్లకు పిచ్చి. ఒకే బ్యాండు గంటలో ఇంగ్లీషు రాక్, నేపాలీ పాటలు, పాత హిందీ పాటలు కలిపి వాయిస్తుంది. ఏది బాగుందో తెలుసుకోవడానికి రివ్యూలు చదవక్కర్లేదు. ఎనిమిదింటికి హల్లన్ చౌక్ నుంచి సెంటర్ పాయింట్ దాకా ఒకసారి మెల్లగా నడవండి. పాట రోడ్డు మీదకే వినపడుతుంది. లోపల స్థానికులు కూర్చుని ఉన్నది ఎంచుకోండి. ముందు వరసలో కూర్చోకండి, మాట్లాడుకోవడానికి ఉండదు.

వీటికంటే కూడా ఒకసారి చూడమని నేను చెప్పేది దోహోరీ సాంఝ్. ఆడ, మగ గాయకులు వేదిక మీద ఒకరికొకరు పాటలోనే ప్రశ్న, పాటలోనే జవాబు అప్పటికప్పుడు కట్టి విసురుకుంటారు. సరసం, ఎత్తిపొడుపు, మధ్యలో ఎదుట కూర్చున్నవాళ్ల మీద చురకలు. భాష రాకపోయినా ఎవరు గెలుస్తున్నారో చప్పట్లను బట్టి తెలిసిపోతుంది. మాదల్ అనే చేతి డప్పు ఊపు వేరు. మా గ్రూపులో రిటైరైన తెలుగు మాస్టారొకాయన అవధానం గుర్తుచేసుకుని పదకొండు దాకా కదల్లేదు. ఆయన భార్య ఎదురుచూసి విసుగెత్తి గదికి వెళ్లిపోయింది, అది వేరే కథ. ఒక జాగ్రత్త: దోహోరీ పేరు పెట్టుకున్నవన్నీ ఒకేలా ఉండవు. కుటుంబాలు కూర్చుని తినే చోట్లున్నాయి, ఆడపిల్లలను బల్లల దగ్గరికి పంపి మందు కొనిపించే చోట్లూ ఉన్నాయి. తలుపు దగ్గర నిలబడి లోపల ఎవరున్నారో ఒక్క నిమిషం చూస్తే అర్థమైపోతుంది. కుటుంబాలు కనిపించకపోతే వెనక్కి తిరగండి. హోటల్ రిసెప్షన్‌లో "ఫ్యామిలీతో వెళ్లే దోహోరీ ఏది" అని అడగడం ఇంకా తేలిక. పాట నచ్చి ఇంకొకటి పాడమని కోరితే గాయకులకు కొంత ఇవ్వడం అక్కడి మర్యాద.

క్యాసినోలు కూడా ఉన్నాయి. నేపాల్ పౌరులకు వాటిల్లోకి ప్రవేశం లేదు, విదేశీయులకే. కాబట్టి లోపల కనిపించేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. ఐడీ అడుగుతారు. ఆడేవాళ్లకు తిండి, మందు ఉచితంగా ఇస్తుంటారు. ఎందుకిస్తారో చెప్పక్కర్లేదు కదా. ఇష్టమైతే ఇంత అని జేబులో పెట్టుకుని, కార్డులు గదిలో వదిలి వెళ్లండి.

తాగేవాళ్ల కోసం: గోర్ఖా, ఎవరెస్ట్, నేపాల్ ఐస్ అక్కడి బీర్లు. ఒకసారి తోంబా రుచి చూడండి. పులియబెట్టిన రాగులను పెద్ద చెంబులాంటి పాత్రలో వేసి, వేడి నీళ్లు పోసి, గొట్టంతో పీలుస్తారు. నీళ్లు అయిపోతే మళ్లీ పోస్తారు, అదే రాగుల మీద మూడు నాలుగు సార్లు. నవంబరు చలికి బాగుంటుంది. మెల్లగా ఎక్కుతుంది, లేచి నిలబడ్డాకే తెలుస్తుంది. రక్సీ అన్నది ఇంట్లో కాచే సారా, మంచి ఇంట్లో ఇచ్చినది వేరు, రోడ్డు పక్క సీసా వేరు. తెలియని చోట వద్దు.

ఇక జాగ్రత్తలు. తాగి స్కూటర్ ఎక్కకండి. లేక్‌సైడ్‌లో స్కూటర్లు, బైకులు అద్దెకు తేలిగ్గా దొరుకుతాయి, మనవాళ్లు పగలంతా తిరిగి రాత్రి వాటి మీదే బారుకు వెళ్తారు. నేపాల్ ట్రాఫిక్ పోలీసులు రాత్రిపూట నోరు ఊదించి చూస్తారు. దాన్ని మాపసే చెకింగ్ అంటారు. "ఒక్క బీరే కదా" అన్న లెక్క అక్కడ చెల్లదు. జరిమానాతో పాటు బండి వదిలి రావాలి, మర్నాడు ఉదయం స్టేషన్ చుట్టూ తిరగాలి. లేక్‌సైడ్ అంతా నడిచే దూరమే. దూరమైతే పఠావో, ఇన్‌డ్రైవ్ అనే క్యాబ్ యాప్‌లు పనిచేస్తాయి. టాక్సీ అయితే ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి.

చీకటి పడ్డాక నడుస్తుంటే పక్కగా వచ్చి గంజాయి కావాలా అని గొణిగేవాళ్లు ఉంటారు. 1970ల నాటి హిప్పీ కథలు విని అక్కడ అది మామూలే అనుకునేవాళ్లున్నారు. నేపాల్ ప్రభుత్వం 1973లోనే గంజాయి దుకాణాల లైసెన్సులు రద్దు చేసింది, 1976 చట్టంతో పూర్తిగా నిషేధించింది. తల అడ్డంగా ఊపి నడుస్తూ పోండి, వాదన వద్దు.

సందు మొదట్లో నిలబడి "సర్, డాన్స్ బార్, ఫ్రీ ఎంట్రీ" అని పిలిచే మనిషి వెంట వెళ్లకండి. మా గ్రూపులో ఇద్దరు ఇలా ఒకచోట దూరి, రెండు బీర్లు తాగి, తాము అడగని డ్రింకులన్నిటికీ కలిపి వేసిన బిల్లు చూసి నాకు ఫోన్ చేశారు. నేను వెళ్లి మాట్లాడితే సగానికి దిగింది, ఆ సగం కూడా అన్యాయమే. మామూలు రెస్టారెంట్లలో కూడా మెనూ ధర మీద 13 శాతం వ్యాట్ పడుతుంది, కొన్నిచోట్ల సర్వీస్ చార్జీ కూడా. కూర్చునేముందే మెనూ కింద చిన్న అక్షరాలు చదవండి. ఇంకా చిక్కు వస్తే టూరిస్ట్ పోలీసుల నంబరు 1144.

ఆడవాళ్ల గురించి వివరంగా అడిగారు కాబట్టి: మా గ్రూపుల్లో ఆడవాళ్లు రాత్రి భోజనమయ్యాక వాళ్లంతట వాళ్లే షాపింగ్‌కు వెళ్లి వస్తుంటారు. షాపులు నడిపేదీ, హోటళ్లు చూసుకునేదీ చాలావరకు ఆడవాళ్లే. బారులో ఆడవాళ్లు కూర్చుంటే తేరిపార చూడటం తక్కువ. నిజానికి ఇబ్బంది ఎక్కువగా వచ్చేది అక్కడికి వచ్చిన మన దేశపు మగ గ్రూపుల నుంచే, ఇది చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది. పది దాటాక సరస్సు ఒడ్డు కాలిబాట వదిలి మెయిన్ రోడ్డు మీదుగా రండి. ఒడ్డున లైట్లు అన్నిచోట్లా ఉండవు.

తిండి విషయంలో ఒక్క మాట ముందే తెలిసి ఉండాలి. మెనూలో "బఫ్" అని ఉంటే అది గేదె మాంసం. బఫ్ మోమోలు అక్కడ అన్నిటికంటే మామూలు వంటకం. తినని వాళ్లు "చికెన్" లేదా "వెజ్" అని గట్టిగా చెప్పి, ప్లేటు వచ్చాక మళ్లీ అడగండి. రాత్రి తాగే కార్యక్రమం ఉన్న రోజు ముందుగా థకాలీ భోజనం చేయండి. ముక్తినాథ్ దారిలోని థాక్ లోయవాళ్ల వంట అది. అన్నం, పప్పు, ఆకుకూర, ఊరగాయ, నెయ్యి, అడిగినన్నిసార్లు వడ్డిస్తారు. మన నాలుకకు పోఖరాలో అన్నిటికంటే దగ్గరగా వచ్చేది అదే. అత్తగారికి కూడా పడుతుంది, కారం తక్కువనిపిస్తే చట్నీ అడగండి.

విశ్రాంతి బ్యాచ్ కోసం మసాజ్ గురించి. లేక్‌సైడ్‌లో బోర్డులు లెక్కలేనన్ని. చూపు లేనివారు శిక్షణ తీసుకుని చేసే సీయింగ్ హ్యాండ్స్ అనే క్లినిక్ ఉంది, ట్రెక్కింగ్ నుంచి తిరిగొచ్చే విదేశీయులు వెతుక్కుని వెళ్తారు. ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. మిగతా చోట్ల గాజు తలుపు, రేటు బోర్డు, రిసెప్షన్‌లో రసీదు ఉన్నవి చూసుకోండి. ఎర్ర లైటు, నల్ల తెర ఉన్నవి మసాజ్ కోసం పెట్టినవి కావు. సౌండ్ బౌల్ అని కంచు గిన్నెలు మోగించే సెషన్లు కూడా ఉంటాయి. రోగాలు నయమవుతాయని చెప్పేవాళ్ల మాట నమ్మకండి, గంటసేపు కళ్లు మూసుకుని పడుకోవడానికైతే బాగుంటుంది.

మీ నాలుగు రోజులను నేనైతే ఇలా అమరుస్తాను. చేరిన రోజు ఏమీ పెట్టుకోకండి, సాయంత్రం ఒడ్డున నడక, థకాలీ భోజనం, నిద్ర. కాఠ్‌మాండూ నుంచి రోడ్డున వస్తే దూరం 200 కిలోమీటర్లే అయినా రోజంతా పడుతుంది, ఒళ్లు హూనమవుతుంది. రెండో రోజు పొద్దున పారాగ్లైడింగ్ కావాలన్నవాళ్లు అటు, మిగతావాళ్లు పడవ, గుడి. రాత్రి జానపద నృత్యం, తర్వాత కావాలన్నవాళ్లు ఒక గంట బ్యాండు. మూడో రోజు సారంగ్‌కోట్ సూర్యోదయం అందరూ కలిసి. అయిదింటికి బయల్దేరితే చాలు, నవంబరులో సూర్యుడు ఆరున్నర ప్రాంతంలో వస్తాడు. మధ్యాహ్నం నిద్ర, రాత్రి దోహోరీ, బార్లు, ఎంతసేపైనా. నాలుగో రోజు పదింటి దాకా ఎవరినీ లేపకండి, తర్వాత బేగ్నాస్. ఈ మూడో రోజు శుక్రవారం అయ్యేట్టు తేదీలు కుదిరితే ఇంకా బాగు.

గోవా తరహా జనసందోహమే కావాలని పార్టీ బ్యాచ్ పట్టుబడితే నవంబరుకు బదులు డిసెంబరు ఆఖరి రోజులకు రండి. అప్పుడు స్ట్రీట్ ఫెస్టివల్ పేరుతో లేక్‌సైడ్ మెయిన్ రోడ్డు మీద వాహనాలు ఆపి, రోడ్డంతా బల్లలు, స్టేజీలు వేస్తారు. హోటల్ ధరలు పెరుగుతాయి, చలి పెరుగుతుంది, అత్తగారిని ఇంట్లో వదిలి రావాలి. రెండింట్లో ఏదో తేల్చుకోండి.

డబ్బు: మన వంద నేపాల్‌లో నూట అరవై, ఆ రేటు 1993 నుంచి మారలేదు. మన వంద రూపాయల నోట్లు ఎక్కువ పెట్టుకోండి, చిన్న షాపులు పెద్ద నోట్లు తీసుకోవడానికి వెనకాడతాయి. చాలాచోట్ల ఫోన్‌పే కాదు, ఫోనేపే అనే నేపాలీ క్యూఆర్ కనిపిస్తుంది. మన యూపీఐ యాప్‌లు కొన్ని దాని మీద పనిచేస్తాయి, అయినా బారు బిల్లు కట్టే సమయంలో దాన్ని నమ్ముకోకండి. విమానంలో వెళ్తున్నారంటే పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు ఉండాలి, 65 ఏళ్లలోపు వాళ్లు ఆధార్ చాలనుకుని ఎయిర్‌పోర్టుకు వెళ్లి ఆగిపోవద్దు.

కాఠ్‌మాండూ నుంచి పోఖరాకు విమానమైతే కుడి వైపు కిటికీ సీటు అడగండి, తిరిగి వెళ్లేటప్పుడు ఎడమ వైపు. అరగంట ప్రయాణం, కొండల వరసంతా పక్కనే ఉంటుంది. ఉదయం విమానాలు పొగమంచుకు ఆలస్యమవుతుంటాయి, కాబట్టి కాఠ్‌మాండూ నుంచి ఇంటికి వెళ్లే విమానం అదే రోజుకు పెట్టుకోకండి. హోటల్ ఏదనుకుంటున్నారో పేరు చెప్తే ఆ వీధిలో రాత్రి చప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలిసినంత చెప్తాను.